ఎంఎస్ తరువాత వాస్కులర్ సర్జరీ: ఎంసీహెచ్, డీఆర్‌ఎన్‌బీ, ఫెలోషిప్, విదేశం... ఏ దారి ఎవరికి?

జనరల్ సర్జరీలో ఎంఎస్ ముగించి రక్తనాళాల శస్త్రచికిత్స వైపు మనసు మళ్లిన యువ సర్జన్లు ముందుగా అడిగేది ఒకటే: ఎంసీహెచ్ (వైద్య కళాశాలల్లో చేసే సూపర్ స్పెషాలిటీ పట్టా) మేలా, డీఆర్‌ఎన్‌బీ (జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే అదే స్థాయి పట్టా) మేలా? నా దృష్టిలో దీనికన్నా ముందు తేల్చుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది. శిక్షణ ముగిసిన మర్నాడు, పక్కన పెద్ద సర్జన్ ఎవరూ లేనప్పుడు, మీ చేతులతో ఏయే ఆపరేషన్లు ధైర్యంగా చేయగలగాలి? ఈ జవాబు స్పష్టంగా ఉంటే మిగిలిన ఎంపిక చాలావరకు తేలికవుతుంది. అది లేకుండా పట్టా పేరునో, ఆస్పత్రి భవనాన్నో, ఊరినో చూసి చేరినవారు మూడేళ్లూ ఇబ్బంది పడటం చూశాను. అందుకే ఈ పోలికను రోగి దగ్గర మొదలుపెడుతున్నాను.

ముగ్గురు రోగులను ఊహించుకోండి. మొదటివాడు పాతికేళ్ల యువకుడు. బైకు ప్రమాదంలో మోకాలి కీలు తొలిగింది, పాదం చల్లబడింది, నాడి అందడం లేదు. ఎముకల వైద్యుడు కీలు సరిచేసి మీకు కబురు పెట్టేసరికే మూడు గంటలు గడిచాయి. రక్తప్రసరణ పూర్తిగా ఆగిన కండరం ఆరు గంటలు దాటితే కోలుకోవడం కష్టం. మోకాలి వెనుక ధమనిని లోపలి వైపు నుంచి తెరిచి పట్టుకోవాలి. దెబ్బతినని రెండో కాలి నుంచి సాఫీనస్ సిర (చర్మం కింద ఉండే పొడవైన సిర) తీయాలి. అందులోని కవాటాలు రక్తానికి అడ్డం రాకుండా సిరను తిరగేసి, తెగిన భాగం మధ్య కుట్టాలి. ఆ వెంటనే పిక్కలోని నాలుగు కండరాల గదులనూ తెరిచి ఒత్తిడి తగ్గించాలి. స్టెంట్ల మీదే చేయి తిరిగి, సిర కుట్టడం అలవాటు లేని సర్జన్ ఇక్కడ నిలబడలేడు.

రెండో రోగికి డెబ్బై ఏళ్లు. పొట్టలో బృహద్ధమని ఆరు సెంటీమీటర్ల వరకు ఉబ్బింది, గుండె బలహీనం. ఇతనికి పొట్ట తెరవకుండా తొడ దగ్గరి ధమని గుండా స్టెంట్ గ్రాఫ్ట్ (గుడ్డ తొడిగిన లోహపు గొట్టం) అమర్చడమే మంచిది. మూడో రోగి ఇరవై ఏళ్లుగా మధుమేహంతో ఉన్న మహిళ. బొటనవేలు నల్లబడింది, మోకాలి కింది ధమనులు సున్నంలా గట్టిపడ్డాయి. వెంట్రుకంత సన్నని తీగను ఆ నాళాల్లోంచి పాదం దాకా పంపి, బెలూనుతో దారి చేయడం ఒక విద్య. అది కుదరకపోతే చీలమండ దగ్గరి ధమనికి బైపాస్ కుట్టడం మరో విద్య.

ఈ ముగ్గురూ ఒకే వారంలో ఒకే సర్జన్ దగ్గరికి రావచ్చు. కాబట్టి నా ప్రమాణం ఒకటే: తెరిచి చేసే శస్త్రచికిత్స, నాళం లోపలి నుంచి చేసే ఎండోవాస్కులర్ చికిత్స, ఈ రెండూ మీ చేతులతో చేయించే చోటు మంచి చోటు. ఒకటే నేర్పే చోటు, దాని పేరు ఎంత పెద్దదైనా, సగం సర్జన్‌నే తయారుచేస్తుంది.

ఇది పాతకాలపు చాదస్తం అనిపించవచ్చు. ఇకమీదట అంతా స్టెంట్లదేనని చాలామంది నమ్మకం. అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ 1964లో తొలిసారి కాలి ధమనిని లోపలి నుంచి వెడల్పు చేశారు. 1990లో బ్యూనస్ ఐరిస్‌లో హువాన్ పరోడి పొట్టలో ఉబ్బిన బృహద్ధమనికి తొలి స్టెంట్ గ్రాఫ్ట్ అమర్చారు. అప్పటి నుంచి గాలి అటువైపే వీస్తున్న మాట నిజం. అయితే ఫలితాలను లెక్కగట్టిన పెద్ద పరిశోధనలు వేరే సంగతి చెబుతున్నాయి.

కాలు పోయే స్థితిలో ఉన్న 1,830 మందిపై జరిగిన బెస్ట్-సీఎల్‌ఐ అధ్యయనం 2022లో వెలువడింది. మంచి సాఫీనస్ సిర ఒకే ముక్కగా దొరికినవారిని విడిగా చూసి, మళ్లీ పెద్ద చికిత్స అవసరమైనవారు, చీలమండ పైన కాలు తీసేయవలసి వచ్చినవారు, మరణించినవారు అందరినీ కలిపి లెక్కించారు. బైపాస్ చేసినవారిలో ఈ సంఖ్య 42.6 శాతం, లోపలి నుంచి చికిత్స చేసినవారిలో 57.4 శాతం. ఇక బైపాసే మేలని అందరూ అనుకుంటుండగా, 2023లో బ్రిటన్ నుంచి బేసిల్-2 వచ్చింది. మోకాలి కింది ధమనుల జబ్బుతో కాలు ప్రమాదంలో పడిన 345 మందిలో కాలు పోయినవారు లేదా మరణించినవారు బైపాస్ వర్గంలో 63 శాతం, ఎండోవాస్కులర్ వర్గంలో 53 శాతం. రెండు అధ్యయనాల్లోని రోగులు వేరు, కొలమానాలు వేరు. పక్కపక్కన పెట్టి చదివితే తేలేది ఇది: రోగిని బట్టి చికిత్స మారాలి. ఒకే పనిముట్టు చేతిలో ఉన్న సర్జన్‌కు ఆ మార్పు సాధ్యం కాదు.

బృహద్ధమని విషయంలోనూ అంతే. బ్రిటన్‌లో జరిగిన ఈవార్-1 అధ్యయనంలో మొదటి ముప్పై రోజుల్లో మరణాలు తెరిచి చేసినవారిలో 4.7 శాతం ఉంటే, స్టెంట్ గ్రాఫ్ట్ అమర్చినవారిలో 1.7 శాతమే. కానీ అదే రోగులను పదిహేనేళ్లు గమనించి 2016లో ప్రకటించిన ఫలితాల్లో, ఎనిమిదేళ్లు దాటాక స్టెంట్ గ్రాఫ్ట్ వర్గంలోనే మరణాలు ఎక్కువయ్యాయి. విఫలమైన ఆ గ్రాఫ్టులను తీయాలంటే పొట్ట తెరవగల చేయి కావాలి. రేపు ఆ పని చేయవలసింది ఇవాళ శిక్షణలో చేరుతున్న మీ తరమే.

ఇక దారుల సంగతి.

ఎంసీహెచ్ వాస్కులర్ సర్జరీ

ఎంఎస్ లేదా డీఎన్‌బీ జనరల్ సర్జరీ తరువాత మూడేళ్ల కోర్సు. ప్రవేశం నీట్ ఎస్‌ఎస్ (సూపర్ స్పెషాలిటీ జాతీయ ప్రవేశ పరీక్ష) ద్వారా. ఎయిమ్స్ వంటి జాతీయ ప్రాధాన్య సంస్థలకు ఐఎన్‌ఐ-ఎస్‌ఎస్ అనే పరీక్ష వేరుగా ఉంటుంది. నీట్ ఎస్‌ఎస్‌లో 150 ప్రశ్నలు, సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. ప్రశ్నలన్నీ మీరు చదివిన జనరల్ సర్జరీ నుంచే వస్తాయి. అంటే యూరాలజీ, సర్జికల్ గ్యాస్ట్రోఎంటరాలజీ, ప్లాస్టిక్ సర్జరీ, వాస్కులర్ కోరుకునేవారందరూ ఒకే పరీక్ష రాసి ఒకే ర్యాంకుల వరుసలో నిలబడతారు. దీని వల్ల ఒక చిక్కు ఉంది. యూరాలజీ రాలేదని వాస్కులర్‌లో చేరేవారు ప్రతి ఏటా కనిపిస్తారు. ర్యాంకు తోసిన చోటికి వెళ్లడం ఈ విభాగంలో మంచిది కాదు. రాత్రి పిలుపులు ఎక్కువ. ఆపరేషన్లు గంటల తరబడి సాగుతాయి. ఎంత కష్టపడ్డా కొన్ని కాళ్లు దక్కవు. ఇష్టం లేనివారికి ఇది నరకం, ఇష్టమున్నవారికి ఇంతకు మించిన పని లేదు.

తెలుగువారికి దగ్గరలో హైదరాబాద్ నిమ్స్ ఉంది. వేలూరు సీఎంసీ, చెన్నైలోని మద్రాసు వైద్య కళాశాల, తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ, కొచ్చిలోని అమృత సంస్థ దక్షిణాదిలో చెప్పుకోదగినవి. అన్నిటికీ ఒకే స్వభావం లేదు. ప్రభుత్వ బోధనాస్పత్రిలో రోగుల తాకిడి ఎక్కువ, తెరిచి చేసే ఆపరేషన్లు ఎక్కువ, రెసిడెంట్ (శిక్షణలో ఉన్న డాక్టరు) చేతికి కత్తి త్వరగా వస్తుంది. స్టెంట్లు, బెలూన్లు, గ్రాఫ్టులు మాత్రం ప్రభుత్వ పథకం ప్యాకేజీ ఎంత ఇస్తుందో అంతే దొరుకుతాయి. ట్రస్టు ఆస్పత్రుల్లో క్రమశిక్షణ, పరిశోధన, రోగులను ఏళ్ల తరబడి గమనించే అలవాటు బాగుంటాయి. డీమ్డ్ విశ్వవిద్యాలయాల్లో ఫీజు ఏటా లక్షల్లో ఉంటుంది కనుక అప్పు చేసి చేరే ముందు రెండుసార్లు ఆలోచించాలి. కొత్త వాస్కులర్ సర్జన్‌కు రోగులు మెల్లగానే వస్తారు. మొదటి రెండు మూడేళ్ల సంపాదనతో ఆ అప్పు తీరుతుందన్న లెక్క వేసుకోకండి.

చదువు ముగిశాక కొంతకాలం ప్రభుత్వ సేవ చేస్తామని రాసిచ్చే బాండు నిబంధనలు రాష్ట్రానికొక తీరుగా ఉన్నాయి. సూపర్ స్పెషాలిటీ తరువాత ప్రభుత్వ సేవ తప్పనిసరి చేయడం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2019లో తీర్పు ఇచ్చింది. కాబట్టి అది కాగితం మీది లాంఛనమని కొట్టిపారేయకండి. సీటు తీసుకునే ముందే ఎన్నేళ్లు, ఎంత మొత్తం, అసలు ధ్రువపత్రాలు ఎవరి దగ్గర ఉంటాయి అన్న మూడూ చదువుకోండి. అయితే బాండును శిక్షగా మాత్రమే చూడటం నాకు నచ్చదు. క్యాథ్‌ల్యాబ్ (ఎక్స్-రే తెర చూస్తూ నాళాల లోపల చికిత్స చేసే గది), రక్తనిధి ఉన్న జిల్లా బోధనాస్పత్రిలో పోస్టింగ్ దొరికితే, స్వతంత్రంగా నిలబడటానికి అంతకు మించిన చోటు ఉండదు.

డీఆర్‌ఎన్‌బీ

జాతీయ పరీక్షల బోర్డు నడిపే ఈ మూడేళ్ల కోర్సు ఎక్కువగా ప్రైవేటు, ట్రస్టు ఆస్పత్రుల్లో ఉంటుంది. ప్రవేశం ఇదే నీట్ ఎస్‌ఎస్ ద్వారా. పేరు పాతవారికి డీఎన్‌బీ సూపర్ స్పెషాలిటీగా తెలుసు. ప్రాక్టీసుకు ఇది ఎంసీహెచ్‌తో సమానం. ఇందులో ఎవరూ మిమ్మల్ని తక్కువ చేయలేరు. బెంగళూరులోని జైన్ వాస్కులర్ సంస్థ, ఢిల్లీలోని సర్ గంగారాం ఆస్పత్రి ఈ శిక్షణకు పేరున్నవి.

ఇక్కడి బలం ఎండోవాస్కులర్. క్యాథ్‌ల్యాబ్, హైబ్రిడ్ ఓటీ (రెండు రకాల చికిత్సలూ ఒకేచోట చేయగల థియేటర్), కొత్త పరికరాలు, డబ్బు కట్టగల రోగులు ఉంటారు. బలహీనతా అందులోనే ఉంది. డబ్బు కట్టిన రోగి పెద్ద డాక్టరే ఆపరేషన్ చేయాలంటాడు. రెసిడెంట్ ఎదురుగా నిలబడి కుట్టు దారం పట్టుకోవడంతో సరిపెట్టుకోవలసి రావచ్చు. తుది పరీక్ష బయటి పరీక్షకులతో జరుగుతుంది కనుక ఏ ఆస్పత్రి పేరూ మిమ్మల్ని గట్టెక్కించదు. థీసిస్ ఆమోదం ఆలస్యమైతే పట్టా కూడా ఆలస్యం కావచ్చు. మొదటి ఏడాదిలోనే థీసిస్ అంశం ఖరారు చేయించే గైడ్ దొరకడం ఇక్కడ చాలా ముఖ్యం. వైద్య కళాశాలలో అధ్యాపకుడిగా చేరాలనుకునేవారు జాతీయ వైద్య కమిషన్ తాజా అర్హత నిబంధనలు చదివి, తాము చేరబోయే ఆస్పత్రి పడకల సంఖ్య, బోధన హోదా వాటికి సరిపోతాయో లేదో చేరకముందే చూసుకోవాలి.

నా తూకం ఇది: విభాగం మంచిదైతే డీఆర్‌ఎన్‌బీకి, ఎంసీహెచ్‌కు తేడా వెదకకండి. కేసులు లేని ఎంసీహెచ్ కన్నా చేతికి పని ఇచ్చే డీఆర్‌ఎన్‌బీ వందరెట్లు నయం.

సీటీవీఎస్ తీసుకుంటే?

గుండె, ఛాతీ, రక్తనాళాలు కలిసిన ఈ ఎంసీహెచ్‌లో రక్తనాళాల మాట పేరులోనే ఉంది కదా అని కొందరు అటు మొగ్గుతారు. రెండు తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో ఏళ్ల తరబడి కాళ్ల బైపాసులు, డయాలసిస్ ఫిస్టులాలు (డయాలసిస్ కోసం చేతి ధమనిని సిరతో కలిపే ఆపరేషన్లు) చేసింది సీటీవీఎస్ సర్జన్లే. వారి సేవ గొప్పది. అయితే ఆ శిక్షణ సమయంలో అధికభాగం గుండెకు, హార్ట్-లంగ్ యంత్రానికి వెళ్తుంది. గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని మొదటి భాగం, దాని వంపు మీకు ఇష్టమైతే సీటీవీఎస్సే సరైనది. ఆ పని వాస్కులర్ సర్జన్ ఒంటరిగా చేయలేడు. కాలు, పాదం, మెడ ధమని, పొట్టలోని నాళాలు, సిరల జబ్బులు మీ ఇష్టమైతే నేరుగా వాస్కులర్‌కే రండి.

గుర్తింపు లేని ఫెలోషిప్‌లు

ఏడాది, రెండేళ్ల ఫెలోషిప్‌లను కార్పొరేట్ ఆస్పత్రులు, ప్రైవేటు కేంద్రాలు ఇస్తున్నాయి. నీట్ ఎస్‌ఎస్ ర్యాంకు రానివారికి ఇది అడ్డదారిలా కనిపిస్తుంది. సూటిగా చెబుతున్నాను: ఎంసీహెచ్‌కో డీఆర్‌ఎన్‌బీకో బదులుగా ఫెలోషిప్ చేయకండి. జాతీయ వైద్య కమిషన్ గుర్తించిన సూపర్ స్పెషాలిటీ అర్హత కాదు కనుక బోధనా ఉద్యోగాల్లో అది పనికిరాదు. బీమా ప్యానెళ్లలో, ప్రభుత్వ పథకాల ఎంప్యానెల్‌మెంట్‌లో అడ్డంకులు వస్తాయి. ఏదైనా కేసు కోర్టుకు వెళితే మొదటి ప్రశ్న మీ అర్హత మీదే పడుతుంది. ఒక ర్యాంకు పోయిందని నిరాశపడేవారికి నా సలహా: మంచి వాస్కులర్ విభాగంలో సీనియర్ రెసిడెంట్‌గా ఒక ఏడాది పనిచేస్తూ మళ్లీ పరీక్ష రాయండి. ఆ ఏడాదిలో ఈ పని మీకు సరిపడుతుందో లేదో కూడా తేలిపోతుంది.

ఎంసీహెచ్ తరువాత చేసే ఫెలోషిప్ విషయం పూర్తిగా వేరు. జిల్లా కేంద్రంలో సాధారణ వాస్కులర్ ప్రాక్టీసు పెట్టేవారికి అది అవసరం లేదు. మూత్రపిండాలకు, పేగులకు వెళ్లే శాఖలను కాపాడుతూ అమర్చే ప్రత్యేక స్టెంట్ గ్రాఫ్టులు, మోకాలి కింద సంక్లిష్టమైన యాంజియోప్లాస్టీ, పుట్టుకతో వచ్చే రక్తనాళ లోపాలు వంటి వాటిలో లోతుకు వెళ్లాలనుకునేవారికి ఒక ఏడాది ఫెలోషిప్ నిజంగా ఉపయోగపడుతుంది. విదేశంలో చేయదలిస్తే తాత్కాలిక లైసెన్సుతో రోగిని ముట్టుకోనిచ్చే క్లినికల్ ఫెలోషిప్‌నే ఎంచుకోండి. చూడటానికి మాత్రమే అనుమతించే అబ్జర్వర్‌షిప్‌లో గ్లవ్స్ వేసుకోనివ్వరు. ఒక మంచి విభాగం రోగులను ఎలా చర్చిస్తుందో, ఫలితాలను ఎలా లెక్కపెట్టుకుంటుందో చూడటానికి కొన్ని వారాలు చాలు. దాని కోసం ఇల్లు తాకట్టు పెట్టవలసిన పని లేదు.

విదేశీ శిక్షణ

అమెరికా గురించి ఎక్కువ ఆశలు, ఎక్కువ అపోహలు ఉన్నాయి. అక్కడ రెండు దారులు: ఐదేళ్ల జనరల్ సర్జరీ తరువాత రెండేళ్ల ఫెలోషిప్, లేదా ఎంబీబీఎస్ స్థాయి నుంచి నేరుగా ఐదేళ్ల సమగ్ర రెసిడెన్సీ. ఈ రెండో దారి 2007 నుంచి నడుస్తోంది. మన ఎంఎస్‌ను అక్కడి జనరల్ సర్జరీ రెసిడెన్సీకి సమానంగా లెక్కించరు. బోర్డు సర్టిఫికేషన్ కావాలంటే సాధారణంగా అక్కడి రెసిడెన్సీ మొదటి నుంచి చేయాలి. ఎంఎస్ ముగించిన ముప్పై ఏళ్ల సర్జన్‌కు ఇది ఇంకో ఐదు నుంచి ఏడేళ్లు, అంతకు ముందు యూఎస్‌ఎంఎల్‌ఈ (అక్కడి లైసెన్సు పరీక్ష), పరిశోధనలో గడిపే కాలం అదనం. శిక్షణ కోసం ఇచ్చే జే-1 వీసా మీద చేసినవారు తరువాత రెండేళ్లు స్వదేశంలో ఉండాలి, లేదా వైద్యులు తక్కువగా ఉన్న ప్రాంతంలో పనిచేసి మినహాయింపు పొందాలి. కుటుంబం ఇప్పటికే అక్కడ స్థిరపడితే ఈ దారి ఆలోచించదగ్గదే. లేకపోతే ఎంఎస్ అయ్యాక దీన్ని నేను సూచించను. ఎంబీబీఎస్ చదువుతున్న తమ్ముడో చెల్లెలో ఉంటే వారికి చెప్పండి, వారి వయసుకు ఇది తగిన దారి.

అమెరికా నుంచి మనం తప్పక తీసుకోవలసింది ఒకటి ఉంది. రెండేళ్ల వాస్కులర్ ఫెలో కనీసం ఎన్ని కేసులు చేయాలో అక్కడ లెక్క రాసి పెట్టారు: మొత్తం 250 ప్రధాన కేసులు, అందులో పొట్ట తెరిచి చేసేవి 30, కాళ్ల ధమనుల ఆపరేషన్లు 45, చికిత్స కోసం చేసే ఎండోవాస్కులర్ కేసులు 80, బృహద్ధమని స్టెంట్ గ్రాఫ్టులు 20. మీరు చేరదలచిన విభాగంలో రెసిడెంట్ లాగ్‌బుక్‌ను (చేసిన కేసులు రాసుకునే పుస్తకాన్ని) ఈ అంకెల పక్కన పెట్టి చూడండి. ఇంతకన్నా నిక్కచ్చి కొలబద్ద నాకు తెలియదు.

బ్రిటన్ 2012లో వాస్కులర్ సర్జరీని జనరల్ సర్జరీ నుంచి వేరుచేసి స్వతంత్ర విభాగంగా గుర్తించింది. 2013 నుంచి ఆ పద్ధతిలో శిక్షణార్థులను తీసుకుంటోంది. స్పెషాలిటీ శిక్షణ మూడో ఏడాది (ఎస్‌టీ3) నుంచి ఎనిమిదో ఏడాది (ఎస్‌టీ8) దాకా ఆరేళ్లు, చివర్లో ఎఫ్‌ఆర్‌సీఎస్ పరీక్ష. ఆ శిక్షణ పోస్టు విదేశీ వైద్యుడికి దొరకడం చాలా కష్టం. మనకు ఎక్కువ ఉపయోగపడేది మెడికల్ ట్రైనింగ్ ఇనీషియేటివ్. రాయల్ కాలేజీ స్పాన్సర్‌షిప్‌తో గరిష్ఠంగా ఇరవై నాలుగు నెలలు జీతంతో పనిచేసి తిరిగి రావచ్చు. ఎంసీహెచ్ అయినవారికి ఇది చక్కగా అమరుతుంది. అక్కడ ప్రతి పెద్ద వాస్కులర్ ఆపరేషన్ జాతీయ రిజిస్ట్రీకి ఎక్కుతుంది, బృహద్ధమని ఆపరేషన్ల ఫలితాలు ప్రజలకు కనిపిస్తాయి. తన మరణాల రేటు నలుగురికీ తెలిసే వాతావరణంలో రెండేళ్లు పనిచేసిన సర్జన్ రోగిని ఎంచుకునే తీరే మారిపోతుంది. నేను బ్రిటన్‌ను సిఫారసు చేసేది ముఖ్యంగా ఇందుకే.

జర్మనీలో ఇది ఆరేళ్ల స్వతంత్ర స్పెషాలిటీ. ఉద్యోగం చేస్తూ జీతంతో శిక్షణ పొందవచ్చు. వైద్య జర్మన్ భాషా పరీక్ష, లైసెన్సు ప్రక్రియకు చాలా సమయం పడుతుంది. అక్కడే స్థిరపడాలనుకునేవారికి తప్ప, తిరిగి రాదలచినవారికి ఇది సుదీర్ఘమైన దారి.

విభాగాన్ని ఎలా పరీక్షించాలి

వెబ్‌సైటులో కనిపించే ఫోటోలు, పరికరాల జాబితా పక్కన పెట్టండి. రెండు రోజులు సెలవు పెట్టి ఆ ఊరికి వెళ్లండి. హెచ్‌ఓడీని మర్యాదపూర్వకంగా కలవండి, ఆ తరువాత రాత్రి డ్యూటీలో ఉన్న రెండో ఏడాది రెసిడెంట్‌తో టీ తాగండి. మీకు కావలసిన వివరాలు అక్కడే ఉన్నాయి.

మొదట గత నెల ఓటీ రిజిస్టరు గురించి అడగండి. మోకాలి కిందికి బైపాసులు ఎన్ని? సిర ఎవరు తీశారు, కింది అతుకు (సిర కింది కొసను కాలి ధమనికి కలిపే కుట్టు) ఎవరు కుట్టారు? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు అన్నిటికన్నా విలువైనది. ముందరి పిక్క ధమని రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. దాన్ని పొడవుగా చీల్చి, అతుకులో 'హీల్' అనే కొస నుంచి ఏడు-సున్నా ప్రోలిన్ అనే సన్నని దారంతో సిరను అతుకుతారు. సూది లోపలి పొర నుంచి బయటికి రావాలి. బయటి నుంచి లోపలికి గుచ్చితే సున్నపు పొర విడిపోయి నాళం మూసుకుపోతుంది. మంచి విభాగంలో లూప్స్ (భూతద్దాల కళ్లజోడు) పెట్టుకుని కుడి పక్కన నిలబడేది మూడో ఏడాది రెసిడెంట్. ఎదురుగా ప్రొఫెసర్ దారాన్ని బిగువు సడలకుండా పట్టుకుని, సూది కోణం తప్పినప్పుడు ఒక్క మాట అంటారు. క్లాంపు వదిలాక డాప్లర్ పెట్టి శబ్దం వినేది కూడా రెసిడెంటే. ప్రొఫెసర్ కుడి పక్కన, రెసిడెంట్ ఎదురుగా మూడేళ్లూ గడిచే చోటు గురించి రెసిడెంట్లు మొహమాటంతో మంచిమాటలే చెబుతారు. అందుకే అభిప్రాయం అడగకండి, అంకె అడగండి.

రెండోది, యాంజియోప్లాస్టీ ఎవరి చేతిలో ఉంది? కొన్ని ఆస్పత్రుల్లో కాళ్ల యాంజియోప్లాస్టీలు కార్డియాలజీకో ఇంటర్వెన్షనల్ రేడియాలజీకో వెళ్లిపోతాయి, వాస్కులర్ విభాగానికి విఫలమైనవి మిగులుతాయి. క్యాథ్‌ల్యాబ్‌లో వారానికి ఎన్ని రోజులు ఈ విభాగానివో కనుక్కోండి.

మూడోది, అల్ట్రాసౌండ్ యంత్రం. డ్యూప్లెక్స్ స్కాన్ (నాళంలో రక్తప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్) రెసిడెంట్ స్వయంగా చేస్తాడా, రేడియాలజీ రిపోర్టు కోసం ఎదురుచూస్తాడా? చిన్న ఊళ్లో ప్రాక్టీసు పెట్టే సర్జన్‌కు ఆ ప్రోబు స్టెతస్కోపుతో సమానం. ఫిస్టులాకు ముందు సిర కొలవాలన్నా, వెరికోస్ సిరలో రక్తం వెనక్కి మళ్లే చోటు పట్టుకోవాలన్నా, బైపాస్ సన్నబడుతోందని ముందే గ్రహించాలన్నా అదే దిక్కు.

డయాలసిస్ ఫిస్టులాలను చిన్న పనిగా తీసిపారేసే విభాగాల్లో చేరకండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట్ల మూత్రపిండాల వ్యాధి ఊళ్లకు ఊళ్లనే కుంగదీసింది. అక్కడి రోగికి మణికట్టు దగ్గర కుట్టిన ఆ ఫిస్టులాయే ప్రాణాధారం. అది మూసుకుపోతే మెడలో క్యాథెటర్, ఇన్ఫెక్షన్, మళ్లీ మళ్లీ అడ్మిషన్లు. ఫిస్టులాను నడుస్తూ ఉంచడం ఒక పెద్ద నైపుణ్యం. అలాగే బీడీ, సిగరెట్ అలవాటున్న యువకుల్లో వేళ్లు రాలగొట్టే బర్జర్స్ వ్యాధిని పాశ్చాత్య శిక్షణ కేంద్రాల్లో అరుదుగా చూస్తారు, మన వార్డుల్లో తరచూ కనిపిస్తుంది. ఇక్కడ పనిచేయదలచినవారికి ఇక్కడి జబ్బులు చూపే శిక్షణే అక్కరకొస్తుంది.

రేడియేషన్ సంగతి దాదాపు ఎవరూ అడగరు, తప్పక అడగండి. రెసిడెంట్లకు విడివిడిగా టీఎల్‌డీ బ్యాడ్జీలు (ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచేవి) ఇస్తున్నారా, వాటి రీడింగులు చూపిస్తున్నారా? థైరాయిడ్ కవచం, సీసపు కళ్లద్దాలు అందరికీ ఉన్నాయా? అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (రేడియేషన్ కొలత), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. గర్భవతినని తెలియజేసిన ఉద్యోగి విషయంలో గర్భస్థ శిశువుకు పరిమితి ఒక మిల్లీసీవర్టు. మహిళా రెసిడెంట్లు ఉన్న విభాగమైతే, ఆ నెలల్లో డ్యూటీలు ఎలా సర్దుబాటు చేశారో వారినే అడగండి. అదనపు ఓపెన్ కేసులు, స్కానింగు, ఔట్‌పేషెంట్ పనితో శిక్షణ తరగకుండా చూసిన విభాగాలు ఉన్నాయి. మహిళలు ఈ రంగానికి రాకపోవడానికి రేడియేషన్ భయం ఒక కారణం కాకూడదు.

ఎవరికి ఏది

సొంత జిల్లాకు తిరిగి వెళ్లి, ఆరోగ్యశ్రీ రోగులకు కూడా పనిచేయాలనుకునేవారు తెరిచి చేసే ఆపరేషన్లు, పాదాల గాయాలు, ఫిస్టులాలు, ప్రమాద కేసులు దండిగా ఉన్న ప్రభుత్వ లేదా ట్రస్టు విభాగంలో ఎంసీహెచ్ తీసుకోవాలి. ఎండోవాస్కులర్ కొరత ఉంటే తరువాత ఆరు నెలలో ఏడాదో ఎక్కడైనా పూడ్చుకోవచ్చు. తెరిచి చేసే చేతిపని కొరతను తరువాత పూడ్చుకోవడం చాలా కష్టం, ఎందుకంటే స్పెషలిస్టుగా చేరాక మీకు కుట్టు నేర్పేవారు ఉండరు.

మహానగరంలో కార్పొరేట్ ప్రాక్టీసు మీ లక్ష్యమైతే, రెసిడెంట్ చేతికి క్యాథ్‌ల్యాబ్ ఇచ్చే డీఆర్‌ఎన్‌బీ బాగా సరిపోతుంది. బోధన, పరిశోధన ఇష్టమైతే ఎంసీహెచ్, తరువాత బ్రిటన్‌లో రెండేళ్లు. మీ జీవిత భాగస్వామి వృత్తి, తల్లిదండ్రుల ఆరోగ్యం కూడా ఈ లెక్కలోకి రావాలి. మూడేళ్లపాటు రాత్రింబవళ్లు ఆస్పత్రిలో ఉండే మనిషికి ఇంటి నుంచి అండ ఉండాలి.

కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు ముందుగా విభాగాల పేర్లు ఒక కాగితం మీద రాసి, ప్రతి పేరు పక్కన మూడో ఏడాది రెసిడెంట్ స్వయంగా చేసిన కింది అతుకులు, యాంజియోప్లాస్టీలు, పొట్ట తెరిచిన బృహద్ధమని కేసుల సంఖ్య వేయండి. తరువాత బాండు, ఫీజు. ఊరు చివరన. మొదటి రౌండులో వచ్చిన సీటును వదిలేసే ముందు ఆ ఏటి కౌన్సెలింగ్ నిబంధనల్లో సెక్యూరిటీ డిపాజిట్ జప్తు, తరువాతి రౌండ్లకు అనర్హత గురించి రాసిన భాగాన్ని పూర్తిగా చదవండి. ఆ ఒక్క పేజీ చదవకపోవడం వల్ల సీటూ డబ్బూ రెండూ పోగొట్టుకునేవారు ప్రతి ఏటా ఉంటారు.